రాట్నం చక్రం కంప్యూటర్‌లో గీశాం

మేము షోలాపూర్‌లో స్థిరపడ్డ నేత ఇంటి పిల్లలం, అన్నాచెల్లెళ్లం.

మా నాయనమ్మ కండెలు చుట్టిన రాట్నం అటక మీద ఉంది. చక్రానికి రెండు ఆకులు విరిగాయి. చేసిన వడ్రంగి ఇప్పుడు లేడు, కొలతలు ఎవరి దగ్గరా లేవు. అందుకే టేపుతో కొలిచి, ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో గీద్దామని కూర్చున్నాం. ఇద్దరికీ ఇదే మొదలు.

ముందుగా బయటి చుట్టు, నడిమి కుండ కలిపి గీశాం. మా దగ్గరున్న పాత వెర్షన్ ఒప్పుకోలేదు. ఒకదానికొకటి తగలని ముక్కలను అది ఒకే వస్తువుగా తీసుకోదు. రెండు సాయంత్రాలు అక్కడే ఆగిపోయాం. నాయనమ్మ చూసి, "ముందు కుండ, తర్వాత ఆకులు, చివరికి చుట్టు. వడ్రంగి అట్లనే చేసేటోడు గదరా" అన్నది.

అట్లనే చేశాం. కుండ గీసి, అందులోకి కాస్త దిగేలా ఒక్క ఆకు గీశాం. పోలార్ ప్యాటర్న్‌లో ఇరుసు గీతను ఎంచుకుని 360 డిగ్రీలు, 8 అని ఇస్తే, 45 డిగ్రీలకొకటిగా ఎనిమిది ఆకులూ వచ్చేశాయి. వాటి కొనలను కలుపుతూ చుట్టు వేశాం. చక్రం నిలిచింది. ఆ కొలతల కాగితం పట్టుకుని ఇంకో వడ్రంగి దగ్గరికి వెళ్లాం, ఇప్పుడు రెండు ఆకులు తయారవుతున్నాయి.

మీ ఇంట్లోనూ పాత రాట్నం ఉంటే, కట్టెల కింద వేసే ముందు ఒక్కసారి కొలవండి. కొలిచేటప్పుడు ఇంటి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోండి.