తామరాకు మీద సబ్బునీళ్లు

తామరాకు మీద నీటిబొట్టు అంటదని మనమంతా వింటూనే ఉంటాం. ఆ మాట పిల్లలకు కళ్లారా చూపిద్దామని ఒకరోజు తరగతికి తామరాకు పట్టుకెళ్లాను. తామరాకు దొరకని ఊళ్లో చేమాకైనా చాలు. మంచినీళ్లు ఒక బొట్టు వేస్తే ముత్యంలా అటూ ఇటూ దొర్లింది. తరువాత బట్టలుతికే పొడి కలిపిన నీళ్లు ఒక బొట్టు వేశాం. అది దొర్లలేదు. పరుచుకుని ఆకును తడిపేసింది. "సార్, ఆకు చెడిపోయిందా?" అని అడిగింది ఒక అమ్మాయి.

మంచి ప్రశ్నే. తామరాకు పైభాగమంతా కంటికి కనపడని చిన్న చిన్న బుడిపెలు. వాటి మీద మైనపు గొట్టాలు. ఒక్కో గొట్టం మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మన తలవెంట్రుక మందంలో వెయ్యోవంతుకు కొంచెం అటూ ఇటూ. ఆ గొట్టాల సందుల్లో గాలి నిలిచి ఉంటుంది కాబట్టి నీటిబొట్టు వాటి కొనల మీదే కూర్చుంటుంది, కిందికి దిగదు. సబ్బు అణువు సంగతి వేరు. దానికి ఒక తల, ఒక తోక. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నీళ్లంటే పడదు, మైనం, జిడ్డు కావాలి. తోక వెళ్లి మైనాన్ని పట్టుకుంటుంది, తల నీటివైపు తిరుగుతుంది. నీటి తలతన్యత కూడా తగ్గుతుంది. దాంతో సందుల్లోని గాలి పోయి నీరు లోపలికి దిగుతుంది. ఇలా ఒక వస్తువు పైపొర మీద అణువులు చేరి కూర్చోవడాన్ని అధిశోషణం అంటారు. క్యాబేజీ ఆకు మీద మందు నిలవడం లేదని మన రైతులు మందులో కాస్త సబ్బునీళ్లు కలిపేది ఇందుకే. పుస్తకం చదవకుండానే తెలుసుకున్న శాస్త్రం అది.

ఇక బెంగళూరు సంగతికి వద్దాం. బెళ్లందూరు చెరువు నురగ మీలో చాలామంది చూసే ఉంటారు. 2015లో ఆ నురగ గాలికి లేచి రోడ్డు మీద పోయేవాళ్ల ముఖాల మీద పడింది. అదే ఏడాది, మళ్లీ 2017లో, 2018లో ఆ చెరువులో మంటలు కూడా లేచాయి. చెరువు తగలబడడం మా తాతల కాలంలో ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాళ్లు.

మరి వానలు పడితే మురుగు పలచబడాలి కదా, నురగ ఎందుకు పెరుగుతుంది? భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు దీన్ని ఏళ్ల తరబడి గమనించారు. మురుగునీరు చెరువు దాటడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. ఆలోగా సబ్బు పదార్థాలు పూర్తిగా కుళ్లిపోవు, అడుగున చేరిన మడ్డి రేణువులకు పట్టుకుంటూ పోతాయి. తామరాకు మైనానికి పట్టినట్టే అనుకోండి. మొదట నీటిలో ఉన్నదానికి 200 రెట్ల దాకా అక్కడ పేరుకుంటాయని వారి లెక్క. కానీ ఈ పట్టు శాశ్వతం కాదు. పెద్ద వాన వచ్చి అడుగు కలిగిపోతే సబ్బు మళ్లీ నీటిలోకి వస్తుంది. ఆ నీరు మరవ మీద నుంచి సుమారు 25 అడుగుల కిందికి దూకేటప్పుడు గాలి చిక్కుకుంటుంది. అప్పుడే నురగ. నీటిలో తేలే సన్నని రేణువులు, కొన్ని రకాల బాక్టీరియా ఆ బుడగలను త్వరగా పగలనివ్వవు.

ఇదంతా పట్నం గొడవ, మనకెందుకు అనుకునే వీలు లేదు. కోరమంగల, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపడం 2018 జూన్‌లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు అన్నది ఆ పథకం లెక్క. మొదట నీరు చేరిన లక్ష్మీసాగర చెరువులో జులైలోనే నురగ కనిపించింది. హైకోర్టు కొంతకాలం నీటిని ఆపించింది, తరువాత మళ్లీ వదిలారు. ఎండిన బోర్లలో నీళ్లు ఊరాయని సంతోషించే రైతులున్నారు, వాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. నీళ్లు లేని చెరువు గట్టున పెరిగినవాడినే నేను కూడా.

నా మాట ఒక్కటే. పైన నీళ్లు తేటగా ఉన్నాయి, నురగ లేదు అని సీసాలో నీళ్లు మాత్రమే పట్టుకెళ్లి పరీక్ష చేస్తే సగం సంగతే తెలుస్తుంది. సబ్బు చేరేది అడుగు మట్టిలో. మీ ఊరి చెరువుకు పరీక్షకు ఎవరైనా వస్తే, తూము దగ్గర ఒక దోసెడు బురద కూడా తీసుకుపొమ్మని అడగండి. పూడిక తీసిన మట్టి పొలాలకు తోలుకునే ముందు ఇంకా గట్టిగా అడగండి.