కెమెరా దించి చూసిన చిలికా

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను పిలిచారు. చదువులో నేను మొదటి వరసవాణ్ణి కాను. అందుచేత నాకు తెలిసిన ఫొటోల సంగతే చెబుతాను. అందులోనే చదువు సంగతీ వస్తుంది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా పెద్దలు అంతకు ముందు నుంచే అక్కడ ఉన్నారు. నాన్నగారు పట్టుచీరల కొట్టులో గుమాస్తా.

1995లో నేను బి.కాం. రెండో ఏడు తప్పాను. సిగ్గుతో నెల రోజులు గుమ్మం దాటలేదు. నాన్నగారు కోప్పడలేదు. ఒక ఆదివారం స్నేహితుని దగ్గర పాత కెమెరా అడిగి తెచ్చి, ఒక రీలు కొనిచ్చి, “రంభ వెళ్లి చిలికా చూసి రారా” అన్నారు. రీలుకు 36 ఫొటోలు. రైలు దిగి గట్టు చేరేలోగా సగం పైగా తీసేశాను. అప్పటికి మిట్టమధ్యాహ్నం. కడిగించి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పైన తెల్లటి ఆకాశం, కింద బూడిదరంగు నీళ్లు. స్టూడియో ఆయన వాటిని తిరగేసి, “ఏం చూసి తీశావు బాబూ?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి చీకటితోనే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. ఆరు ఫొటోలకు మించి తీయకూడదని నియమం పెట్టుకున్నాను. పొద్దు కిందుగా ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిపొర దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి, ఎరుపు, పసుపు మిగులుతాయి. ఏటవాలుగా పడ్డ ఎండలో కొండల మడతలకు నీడలు వస్తాయి. ఇది నేను బడి పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న పాఠమే. కళ్లతో చూసింది మాత్రం ఆ రోజే. వానాకాలంలో మునిగిపోయే నలబన దీవి నీళ్లు తగ్గాక పైకి తేలుతుందనీ, శీతాకాలంలో దూరదేశాల పక్షులు అక్కడ వాలతాయనీ పడవ వాళ్లు చెబితే తెలిసింది. ఆ రెండు గంటలూ తప్పిన పరీక్ష గుర్తుకు రాలేదు. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఒక్కచోట కూర్చుని ఒక్కదాన్నే చూడటం గట్టు మీద అలవాటైంది, బల్ల దగ్గర పనికొచ్చింది. మరుసటి ఏడు పాసయ్యాను.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఛాయాచిత్రకారుడు 1927 ఏప్రిల్ 10న యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ శిఖరాన్ని తీయడానికి కొండెక్కాడు. తీరా చోటు చేరేసరికి రెండే గాజు పలకలు మిగిలాయి. పసుపు ఫిల్టరుతో ఒకటి తీశాడు. తన మనసులో కలిగిన గాంభీర్యం అందులో రాదని తోచి, ఆఖరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా పడింది. ఆయనకు పేరు తెచ్చిన బొమ్మ అదే. ఉన్నది ఒక్కటే అయినప్పుడు మనిషి ముందు ఆలోచిస్తాడు.

ఇంత తెలిసినవాణ్ణి నేనే మళ్లీ తప్పాను. ఇది చెప్పడానికే వచ్చాను.

2008 జనవరిలో డిజిటల్ కెమెరా కొన్నాను. రీలు ఖర్చు లేదు. నాన్నగారిని పడవ మీద చిలికాకు తీసుకువెళ్లాను. ఆయన చిన్నప్పుడు మా తాతగారితో అక్కడికి వచ్చిన ముచ్చట చెబుతున్నారు. నేను ఊఁ కొడుతూ మూడు వందల ఫొటోలు తీశాను. ఆ వానాకాలంలో ఆయన పోయారు. ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఆకాశం ఉంది, పక్షులున్నాయి. నాన్నగారు లేరు. ఒకదాని అంచున ఆయన కండువా కొస మాత్రం కనబడుతుంది. ఆయన చెప్పిన ముచ్చట ఎంత తలచుకున్నా నాకు గుర్తు రాదు. అడుగుదామంటే చెప్పేవారు లేరు.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మొదటి పావుగంట కెమెరా సంచిలోంచి తీయను. గాలి ఎటు వీస్తోందో, నీటి మీద ఏ రంగు మారుతోందో చూస్తాను. పక్కనున్న మనిషి మాట వింటాను. తరువాతే ఫొటో. ఇప్పుడు తక్కువ తీస్తున్నాను గాని, ప్రతి ఫొటో వెనుక ఆ ఉదయం మొత్తం నాకు గుర్తుంటుంది.

పిల్లలూ, మీ అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఫొటోలు తీయవద్దని నేను అనను. ఇందాక మీరు చెక్కు అందుకుంటుంటే మీ నాన్నగార్లు, అమ్మగార్లు వెనుక వరసల్లో లేచి నిలబడి చూశారు. ఇంటికి వెళ్లాక ఆ ఫొటో నలుగురికీ పంపేముందు, ఫోను పక్కన పెట్టి వారి దగ్గర కాసేపు కూర్చోండి. వారు చిన్ననాటి సంగతి ఏదైనా మొదలుపెడితే చివరిదాకా వినండి.