ఉరుకుమంటే ఇల్లు ఎట్ల ఉరుకుతది?

(బ్లాస్టింగ్ జరిగే ఊళ్ళ జనం కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తూటా అనే మాటకు మన దిక్కు రెండు అర్థాలున్నయి. తుపాకిల పెట్టేది ఒక తూటా. గుట్టకు రంధ్రం కొట్టి అందుల కూరేది ఇంకొక తూటా. మొదటిదాన్ని చూస్తే అందరికీ భయమే. రెండోది మన ఇంటెనుక పేలుతుంటే మాత్రం అభివృద్ధి అంటున్నరు. ఇయ్యాల ఆ రెండో తూటా గురించి మాట్లాడుకుందాం.

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి - పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గు పట్టీ ఇది. ఒకప్పుడు బాయి అంటే భూమి లోపల. ఓపెన్‌కాస్టులు వచ్చినంక బొగ్గు మీదున్న మన్నును, రాయిని పేల్చి ఎత్తిపోసుడే పని. జనం దాన్ని బొందలగడ్డ అన్నరు. ఇటు కరీంనగర్ చుట్టూ గ్రానైట్, కంకర క్వారీలు. 2016లో జిల్లాలు చీలినయి. పెద్దపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ అని పేర్లు మారినయి. సైరన్ మాత్రం మారలేదు.

ఆ సైరన్ అందరికంటే ముందు ఎవరికి వినపడుతది? మన మాదిగ వాడకు, మాల వాడకు, గూడేనికి. వాడను ఊరవతల పెట్టిన్రు. గుట్ట కూడా ఊరవతలే ఉన్నది. ఊరు మనల్ని ఎక్కడికి నెట్టిందో క్వారీ అక్కడికే వచ్చింది. ఇది కాకతాళీయం కాదు, కులం గీసిన పటం.

మేము ఒక కంకర క్వారీ పక్కన వాడకు పోయినం. దాని పేరు ఇక్కడ చెప్పం. ఒక ముసలవ్వ కప్పు మీద పగిలిన పెంకులు చూపించింది. వాటి కింద పడ్డ రాయి రెండు పిడికిళ్ళంత ఉన్నది. అది పడ్డప్పుడు అవ్వ కైకిలికి పోయింది కాబట్టి బతికింది. ఆమె మమ్మల్ని ఒకటే అడిగింది: "సైరన్ కొడితే ఉరుకుమంటరు. నేను ఉరుకుత బిడ్డా. ఇల్లు ఎట్ల ఉరుకుతది?"

ఈ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు ఉన్నదా? చూద్దాం. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పేలుడు చోటుకు చుట్టూ 500 మీటర్లు డేంజర్ జోన్. రాతి క్వారీలకు వర్తించే 1961 నిబంధనల్లో అది 300 మీటర్లు. ఆ లోపల మనుషులంతా తప్పుకున్నంకనో, భద్రమైన చాటుకు చేరినంకనో పేల్చాలె. ఇల్లు అదిరే లెక్క వేరే ఉన్నది. గనుల భద్రతా శాఖ, అదే డీజీఎంఎస్, 1997లో సర్క్యులర్ ఇచ్చింది. నేల ఊపును బట్టి సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా ఇండ్లకు పరిమితి. ఇందుల ఒక సంగతి పట్టుకోండి. చారిత్రక కట్టడాలకు పరిమితి ఇంకా తక్కువ, 2 నుంచి మొదలైతది. మన మట్టిగోడను మాత్రం సిమెంటు గోడతో ఒకే గాటన కట్టిన్రు. పాత గుడికి ఉన్న దయ పాత గుడిసెకు లేదు.

రాయి ఎందుకు ఎగురుతది? మందు పెట్టినంక హోల్ మూతిని మట్టితో గట్టిగ కూరాలె. కూరుడు తక్కువైతే, మందు ఎక్కువైతే, ముందు వరుస హోళ్ళకు ఎదురుగ రాయి పలచగుంటే పేలుడు బలం పైకి తన్నుతది. వల, టైరు చాపలు, ఇసుక బస్తాలు కప్పితే చాలా మట్టుకు ఆగుతది. అంటే ఇది మన తలరాత కాదు. ఖర్చు మిగిలించుకునే లెక్క.

ఇక మొదటి తూటా దగ్గరికి వద్దాం. మిలిటరీ కాల్పుల మైదానాలకు 1938 నాటి చట్టం ఉన్నది. తెల్లదొరలు చేసింది. దాంట్ల కూడా డేంజర్ జోన్ అనే మాటే. కలెక్టరు మనుషులను, పశువులను బయటికి పంపిస్తడు. కానీ దెబ్బ తగిలితే, ఆస్తి పాడైతే, పని పోతే, పంట చెడితే పరిహారం ఇయ్యాలని ఆ చట్టమే చెప్తది. బ్లాస్టింగ్ నిబంధనలల్ల మనిషిని పక్కకు జరుపుడే ఉన్నది, పోయిన కైకిలి ముచ్చట లేదు.

పరిహారం రాసి ఉన్న కాడ గూడ జనం ఊకోలేదు. అప్పటి బిహార్, ఇప్పటి జార్ఖండ్‌ల నేతర్‌హాట్ అనే చోటున్నది. 245 ఊళ్ళను కాల్పుల మైదానం కింద చూపించిన్రు. 1994 మార్చి 22, 23 తేదీల్లో ఆదివాసులు, ఆడోళ్ళు ముందుండి, రోడ్డుకు అడ్డం కూసున్నరు. మిలిటరీ బండ్లు వెనక్కి మళ్ళినయి. ఆ తర్వాత గూడ ఏటా మార్చిల అక్కడ కూడుతనే ఉన్నరు. 2022 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం గడువు ఇక పొడిగించమని చెప్పింది. ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది. మనం ఒక్క ధర్నా చేసి అలసిపోతే ఎట్ల?

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఒకటి, పేల్చే రోజు, టైము తెలుగుల రాసిన బోర్డు వాడల పెట్టాలె. రెండు, కొత్తగ పేల్చుడు షురూ చేసేముందు ప్రతి ఇంటి గోడలు ఫొటోలు తియ్యాలె, మన సంతకంతో ఒక కాపీ మనకియ్యాలె. అది లేకుంటే పగులు పాతదే అంటరు. మూడు, అదురు కొలిచే మిషిన్ ఆఫీసు కాడ కాదు, మన ఇంటి గోడ పక్కన పెట్టాలె. ఆ లెక్కలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్ళకు ఫీజు లేదు. నాలుగు, తప్పుకోమన్న పూటకు కైకిలి కట్టియ్యాలె. ఐదు, ఇల్లు డేంజర్ జోన్‌ల ఉంటే ముందు ఇల్లు, భూమి చూపెట్టి తర్వాతనే తూటా కూరాలె.

ప్రతి వాడల ఒక నోటుబుక్కు పెట్టుకోండి. సైరన్ ఎప్పుడు మోగింది, ఎన్ని పేలినయి, ఏ గోడ పగిలింది, ఎవరి కైకిలి పోయింది - తేదీతో రాయండి. చదువొచ్చిన పిల్లగాండ్లకు ఆ పని అప్పజెప్పండి. రాసిపెట్టుకోనోళ్ళ బాధకు ఆఫీసుల విలువ లేదు. చదువు, సమీకరించు, పోరాడు అని బాబాసాహెబ్ చెప్పింది ఊకనే కాదు.

అవ్వ ఇల్లు ఉరకది. ఉరకాల్సింది ఇల్లు కాదు, ఆగాల్సింది పేలుడు. జై భీమ్!