గోదాలో పడుట, పడకుండుట
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జాతర వచ్చినదన్న మన గ్రామములలో పెక్కింట కుస్తీపోటీలు జరుగును. కొబ్బరికాయ పందెముతో మొదలై వెండి కడియముతో ముగియు నిజామాబాదు ప్రాంతపు కుస్తీలను మీలో కొందరైనను చూచియుందురు. ఈ విద్య మనకు క్రొత్త కాదు. 12వ శతాబ్దమున చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసము'నందు మల్లవినోదము వర్ణింపబడినది. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు విననివారు తెలుగునాట అరుదు. అయితే నేడు మేము చెప్పదలచినది ఈ విద్య ప్రాచీనతను గూర్చి కాదు. మల్లుడు పడకుండ ఎట్లు కాచుకొనును, పడిన పిదప ఎట్లు నిలదొక్కుకొనును, అందు గ్రామపెద్దల బాధ్యత యేమి అనునవియే మా మనవికి విషయములు.

ఓడినవానిని 'మట్టి కరచినాడు' అనుట మన వాడుక. గోదాలో మాత్రము మట్టి కరచినవాడు ఓడినట్లు కాదు. వీపు మట్టికి తగిలినవాడే ఓడినట్లు. రెండు భుజములును నేలకు ఆనవలయును. దానినే 'చిత్తు' అందురు. కనుక మట్టికుస్తీలో ప్రత్యర్థిని పడగొట్టుట సగము పని మాత్రమే. వానిని వెల్లకిల త్రిప్పుట తక్కిన సగము. ఈ యొక్క నియమము నుండియే కాపుదల అంతయు పుట్టినది.

మొదటి కాపుదల నిలుచుటలో ఉన్నది. నడుము వంచి, ఒక కాలు ముందుకు పెట్టి, మోచేతులను ప్రక్కలకు చేర్చి నిలుచుట అభ్యాసము. ప్రత్యర్థి కాళ్లను పట్టుకొనుటకు దూకినచో, తన రెండు కాళ్లను వెనుకకు విసరి, రొమ్ము బరువునంతయు వాని భుజములపై మోపవలయును. అంతట దూకినవాడే క్రిందికి అణగిపోవును. చాకలివాడు బండపై బట్ట ఉతికినట్లు భుజము మీదుగా ఎత్తివేయు 'ధోబీపఛాడ్' పట్టునకు విరుగుడు, తన చేయి చిక్కకముందే వెనుకకు లాగుకొనుట. చేయి చిక్కిన పిదప బలమొక్కటియే చాలదు.

రెండవ కాపుదల పడుటలోనే ఉన్నది. పడునప్పుడు గాలిలోనే మెలి తిరిగి బోర్లపడువాడు నేర్పరి. అట్లు పడి, గడ్డమును రొమ్మునకు చేర్చి, మోచేతులను ప్రక్కలకు బిగించి, కాళ్లను ఎడముగా చాచి నేలకు అంటుకొనును. పైనున్నవాడు లంగోటా పట్టియో, చంకలోనుండి చేయి దూర్చి మెడ వంచియో త్రిప్పజూచును. అప్పటికిని వెల్లకిల తిరుగవలసివచ్చినచో తలమీదను, మడమల మీదను దేహమును విల్లువలె వంచి భుజములను నేల తాకనీయడు. ఇందులకే తాలింఖానాలలో దండీలు, బస్కీలతోపాటు మెడను గట్టిపరచు సాధనలు చేయింతురు.

నేలను కరచుకొని ఎంతసేపు కాచుకొనవచ్చునో తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. 1910 సెప్టెంబరు 10న లండనులో మన గామా పహిల్వానుతో పోలెండు మల్లుడు జబిస్కో తలపడెను. మొదటనే క్రిందపడిన జబిస్కో బోర్లపడుకొని రెండున్నర గంటలు కాచుకొనగా పోటీ తేలలేదు. వారము దినముల పిదప తిరిగి పెట్టిన పోటీకి ఆయన రాలేదు. గామాయే విజేత ఆయెను. 1928లో పటియాలాలో వారిరువురు మరల తలపడగా, జబిస్కో బోర్లపడు వ్యవధియే దొరకలేదు. నిమిషములోపుననే గామా గెలిచెను. నేలపై కాపుదల యెంత గట్టిదైనను, వీపు మీద పడినవానికి అది అక్కరకు రాదు.

పరుపుపై జరుగు పోటీల పద్ధతి వేరు. అచట చిత్తు చేయకున్నను, పడగొట్టినంతమాత్రముననే 2 పాయింట్లు లభించును. కనుక మట్టిలో పెరిగిన బిడ్డ పడిన పిదప కాచుకొందునని ఊరకుండరాదు. సతారా జిల్లా గోలేశ్వర్ గ్రామపు ఖాశాబా జాధవ్ 1948లో లండను ఒలింపిక్సులో పరుపు అలవాటు లేకయు ఆరవస్థానము పొందెను. 1952లో హెల్సింకీలో కాంస్యపతకము గెలిచెను. 2016లో రియోలో హర్యానాలోని మోఖరా గ్రామపు ఆడపడుచు సాక్షీ మలిక్ 0-5తో వెనుకబడియు 8-5తో గెలిచి కాంస్యమునే తెచ్చెను. కావున గోదా మగపిల్లలదే అనుకొనుట ఇక చెల్లదు.

ఇక మీ బాధ్యత. ఒక జాతరలో మేము చూచినది చెప్పెదము. గోదాను త్రవ్వలేదు, పైన పిడికెడు ఇసుక చల్లిరి. పదునైదేండ్ల బాలుడొకడు పడుచు అరచేయి నేలకు మోపగా మణికట్టు విరిగెను. పట్టు చూచి చప్పట్లు కొట్టిన చేతులు ఆ బాలుని ఎత్తుటకు తడబడెను. ఆ తప్పు బాలునిది కాదు, గోదాది.

మల్లుని కాపుదల అంతయు మెత్తని మట్టిని నమ్మియున్నది. కనుక పోటీకి ముందు పారతో లోతుగా త్రవ్వించి, రాళ్లు, గాజుముక్కలు ఏరించి, నీరు చిలుకరింపవలయును. నూనె, పసుపు, మజ్జిగ కలిపి మట్టిని మెత్తపరచుట పూర్వపు ఆచారము. చర్మముపై తామర, పుండ్లు ఉన్నవారిని దింపరాదు. అవి ఒకరినుండి ఒకరికి అంటును. బరువు తూచి జతలు కట్టవలయును. మెడ మెలిపడినచో వెంటనే పోటీ ఆపు అధికారము మధ్యవర్తికి ఈయవలయును. మెడకు దెబ్బ తగిలినవానిని లేపి కూర్చుండబెట్టక, మెడ కదలకుండ బల్లపై పరుండబెట్టి ఆసుపత్రికి చేర్పవలయును. అందులకు బండి ముందుగానే సిద్ధముగా నుండవలయును.

అన్నిటికన్న ముఖ్యము, మీ ఊరి ఉస్తాదును ఒక మాట కోరుడు: పిల్లలకు పడగొట్టుట నేర్పుటకు ముందు పడుట నేర్పుమనుడు. వెండి కడియము ఒక్కరికే దక్కును; పడుట మాత్రము గోదాలో దిగిన ప్రతి బిడ్డకును తప్పదు. ఆ బిడ్డలందరును క్షేమముగా ఇల్లు చేరిననాడే మీ జాతర జయప్రదమైనట్లు.