దేశాలను కలిపే గాజుతీగలు

మేము ఉర్దూ మీడియంలో లెక్కలు చెప్పుకునే వాళ్లము. మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు.

మన పఠన మందిరానికి ఇంటర్నెట్ లైను వేయించాలనే మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన, "ఎందుకు మాస్టర్ సాబ్, పిల్లలు సినిమాలు చూడటానికేనా?" అన్నారు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. అయితే ఇటువంటి తీగల మీద ఇంకేమి నడుస్తున్నదో కూడా మనకు తెలియాలి గదా.

స్విట్జర్లాండ్‌లో జెనీవా పక్కన సెర్న్ అనే పరిశోధన సంస్థ కలదు. అక్కడ భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. సెకనుకు 100 కోట్ల వరకు ఢీలు జరుగుతవి. అందులో చాలా భాగాన్ని యంత్రాలే అక్కడికక్కడ వడగట్టి పారవేస్తవి. అయినా మిగిలినది కొండంత. దానిని ఒక్కచోట పెట్టి లెక్క తేల్చడం సెర్న్‌కు కూడా సాధ్యం కాలేదు. అందుచేత 40కి పైగా దేశాలలోని సుమారు 170 కంప్యూటర్ కేంద్రాలకు ఆ పని పంచినారు. మన దేశంలో ముంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్, కలకత్తా సైక్లోట్రాన్ కేంద్రం అందులో పాలు పంచుకున్నవి. పెద్ద కేంద్రాలకు వేసిన ప్రత్యేక లైన్లు మొదట్లోనే సెకనుకు 1000 కోట్ల బిట్లు మోసేవి. అంటే ఒక డీవీడీ సినిమా నాలుగు సెకన్లలో చేరిపోతుందన్నమాట. 2012 జులై 4న హిగ్స్ కణం సంగతి ప్రకటించినారంటే, ఆ సొరంగంతో పాటు ఈ తీగలు కూడా ఉండబట్టే.

అంత వేగమూ చాలని పని ఉన్నది. 2017 ఏప్రిల్‌లో హవాయి, చిలీ, స్పెయిన్, దక్షిణ ధ్రువం మొదలగు చోట్ల దుర్భిణులు ఒకేసారి ఆకాశంలోకి చూసినవి. 2019లో మనమంతా పేపర్లలో చూసిన కృష్ణబిలం చిత్రం అందులోంచి వచ్చినదే. ఆ సమాచారం తీగ మీద వెళ్లలేదు. డిస్కులలో నింపి విమానాలలో అమెరికాకు, జర్మనీకి చేర్చినారు. ధ్రువం డిస్కులైతే చలికాలం గడిచి విమానం ఎగిరేదాకా అక్కడే ఉన్నవి.

ఇక మన హైదరాబాద్ మాట చెప్పకపోతే మాకు తృప్తి లేదు. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశాన్ని ముక్కలు చేసి, దేశదేశాల వేధశాలలకు పంచుకున్నారు. తీగ లేదు, కంప్యూటర్ లేదు. ఉత్తరాలు, ఓడలు, అంతే. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ 1901లో తన సొంత డబ్బుతో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత ఆ పనిలో చేరినది. చిలీ దేశపు సాంటియాగోకు మొదట కేటాయించిన ముక్క హైదరాబాద్‌కు వచ్చినది. గాజు పలకల మీద ఒక్కొక్క నక్షత్రాన్నీ కొలిచి అంకెలు రాసినారు. ఎవరి పేరూ మనకు గుర్తు లేదు. కాని 2000 సంవత్సరంలో టైకో-2 అనే నక్షత్రాల పట్టికలో ఏ తార ఎంత జరిగినదో లెక్కగట్టడానికి ఆ పాత అంకెలు పనికొచ్చినవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచినారు మరి.

సెర్న్ వారు 2014 నుండి తమ సమాచారంలో కొంత ఎవరైనా చూసుకొనేటట్లు ఉచితంగా తెరిచి పెట్టినారు. అక్కడి పేజీలు ఇంగ్లీషులో ఉంటవి, ఆ మాట దాచము. పక్కన కూర్చుని ఉర్దూలో చెప్పడానికి మేమున్నాము. గ్రాఫు గీయడం మా తొమ్మిదో తరగతి పిల్లలకు వచ్చును. ఆదివారం పొద్దున అబ్బాయిలకు, అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ లోపల అమ్మాయిలకు సమయం పెడదామని మా ఉద్దేశ్యం. అమ్మాయిల వంతు ఎగరగొట్టకూడదని ముందే అడుగుతున్నాము. లైనుకు నెలకు ఎంతవుతుందో కోశాధికారి గారు ఇప్పుడు చెప్తారు.