పొదుపు సంఘపు అప్పు, మెట్ట పైరు రాబడి
(నందికొట్కూరు ప్రాంత రైతులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీ ఇంటి స్త్రీలు పొదుపు సంఘంలో తెచ్చే అప్పును గురించి నేడు ముచ్చటించదలచినాను. ఆడవారి సంగతి మనకెందుకని లేచిపోవద్దు. ఆ సొమ్ము తరచు మన చేలలోకే వస్తున్నది.

నాబార్డు 1992లో 500 సంఘాలను బ్యాంకులతో కలిపి ఈ పద్ధతిని పరీక్షించినది. భూమి తాకట్టు అక్కరలేదు. సభ్యులు ఒకరికొకరు పూచీ. మనకు దగ్గరనే ఉన్న ఓర్వకల్లు మండలంలో 1990ల నడిమి సంవత్సరాలలో ఐక్యరాజ్యసమితి సహాయంతో సంఘాలు ఏర్పడి, తరువాత మండల సమాఖ్యగా బలపడినవి. సెంటు భూమి లేని కూలి స్త్రీలు కూడా వాటిలో చేరినారు. పట్టాదారు పాసుపుస్తకం లేని ఇంటికి పంట రుణం దొరకుట కష్టం గనుక, సంఘపు అప్పే వారికి పెద్ద దిక్కు.

చిక్కు ఎక్కడనగా, సంఘపు కంతు నెలనెలా కట్టవలెను. మెట్ట చేని పత్తి, కంది ఏడాదికి ఒక్కసారి చేతికి వస్తవి. కె.సి. కాలువ నీరందని పొలంలో వాన తప్పితే ఆ ఒక్కసారి కూడా లేదు. ఉదాహరణకు 40,000 రూపాయలు నూటికి రూపాయి వడ్డీపై, 20 నెలల గడువుకు తెచ్చినారనుకొనండి. మొదటి నెల కంతు అసలు 2,000, వడ్డీ 400. ఇంట రూకలు లేక ఆమె బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టితే, ఒక అప్పు రెండవుతుంది. ఆమె కట్టలేకపోతే తోటి సభ్యులు తమ కూలి డబ్బు వేయవలె. లేదా సంఘమంతటికీ మరుసటి అప్పు నిలిచిపోవును. చేను మీది, మాట పడేది ఆమె. ఇది న్యాయమా?

కనుక ఈ సొమ్మును నెలనెలా ఎంతోకొంత రాబడి వచ్చే పనిలో పెట్టుట మేలు. గేదెలైతే రెండు వేర్వేరు కాలాలలో ఈనేవి చూచుకొనండి. ఒకటి వట్టిపోయేసరికి రెండవది పాలిచ్చును. వేసవికి జొన్న చొప్ప నిలువ లేని ఇంట గేదె జోలికి పోకుండుటే మంచిది. అట్టివారికి పొట్టేలు పిల్లలు నయం. మూడు నాలుగు నెలల పిల్లలను కొని, ఆరు నెలలు మేపి అమ్మవచ్చును. అమ్మేవరకు కంతుకు కూలి డబ్బులో కొంత తీసి ఉంచవలె. వానలకు ముందే పశువుల ఆసుపత్రిలో చిటుక రోగానికి టీకా వేయించండి. పారుడు రోగానికి కూడా టీకా ఉన్నది. టీకా మరచినవాని మందను నేనేమీ కాపాడలేను!

తప్పనిసరై చేనికే వాడవలసివస్తే విత్తనానికి, ఎరువుకు సరిపడా మాత్రమే తీసుకొనండి. పంట వచ్చేదాకా కంతు ఏ డబ్బుతో కట్టేదీ విత్తుటకు ముందే ఆమెతో కూర్చుండి లెక్క వేయండి. సంఘపు పుస్తకంలో ఆమె పేర ఏమి వ్రాసినారో బడికి పోయే పిల్లచేత ఇంట్లో చదివించండి.