చెట్టుకప్పలకి వాన కురిపించే ముందు

చేపలూ, చిలకలూ అయ్యాక ఈ మధ్య మన పిల్లల చూపు చెట్టుకప్పల మీద పడింది. మా అమ్మాయి పుణ్యమా అని మా ఇంట్లోనూ ఒక జంట ఉంది. వాటి చేత గుడ్లు పెట్టించడం ఎలా అని మిత్రులు అడుగుతున్నారు. ఈ వారం ఆ కబుర్లు చెప్పుకుందాం.

మా దగ్గరున్నవి ఎర్రకళ్ళ చెట్టుకప్పలు. వీటి పుట్టిల్లు మధ్య అమెరికా అడవులు. మగది రెండంగుళాలుంటుంది, ఆడది ఇంకాస్త పెద్దది. పగలు ఆకుకి అంటుకుని నిద్ర, రాత్రి మెలకువ.

కప్పకీ వానకీ ఉన్న చుట్టరికం మనకి కొత్త కాదు. వానలు పడకపోతే తెలంగాణ పల్లెల్లో పిల్లలు కప్పని రోకలికి కట్టి, ఇంటింటా నీళ్ళు పోయించుకుంటూ కప్పతల్లి ఆట ఆడేవారు. అక్కడ కప్ప వల్ల వాన రావాలి. ఇక్కడ వాన వల్ల కప్పలు రావాలి.

ముందు ఓ నెల రోజులు టాంకులో నీళ్ళు చిలకరించడం తగ్గించాలి. అది వాటికి ఎండాకాలం. గిన్నెలో నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. తర్వాత వానగది. గాజు టాంకు అడుగున కొద్దిగా నీళ్ళు, ఒక చిన్న పంపు, పైన చిల్లులు పొడిచిన గొట్టం, నీళ్ళ మీదికి వాలేలా మనీప్లాంట్ ఆకులు. అంతే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ విరుగుడు మందు తప్పక కలపండి, కప్ప చర్మంతోనే నీళ్ళు పీల్చుకుంటుంది.

చీకటి పడ్డాక వాన మొదలైతే మగకప్ప పిలుస్తుంది. అన్నీ కుదిరితే ఆడదాని వీపెక్కుతుంది. ఆడది దాన్ని మోసుకుంటూనే నీళ్ళలోకి దిగి, ఒంట్లో నీళ్ళు నింపుకుని, ఆకెక్కి గుడ్లు పెడుతుంది. ముద్దకి సుమారు 40 గుడ్లు. ఆరేడు రోజులకి తోకకప్పలు కింద నీళ్ళలోకి జారిపడతాయి. పాము గుడ్లని తినబోతే ఆ కుదుపు పసిగట్టి, గడువుకి ముందే గుడ్డు చీల్చుకుని నీళ్ళలో పడి తప్పించుకుంటాయని కరెన్ వార్కెంటిన్ అనే శాస్త్రవేత్త 1995లో ప్రచురించారు. అందుకని పిల్లల్ని ఆ ఆకు కదపనివ్వకండి.

ఇంతవరకూ సరదాయే. అసలు చాకిరీ ఆ తర్వాత. తోకకప్పల నీళ్ళు తరచూ మార్చాలి. ముందుకాళ్ళు వచ్చిన పిల్ల ఎక్కడానికి గట్టు లేకపోతే నీళ్ళలోనే మునిగి చచ్చిపోతుంది. గట్టెక్కిన ప్రతి పిల్లకీ కాల్షియం పొడి అద్దిన చిన్నచిన్న బతికున్న పురుగులు కావాలి. ఇదంతా నెలల పని. వేసవిలో ఇండియా టికెట్లు కొనుక్కున్నవాళ్ళు క్యాలెండర్ చూసుకుని మరీ వాన కురిపించండి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఈ 40 పిల్లలూ ఎక్కడికి వెళ్తాయి? పెరట్లో వదలడం మాత్రం దయ కాదు. చలి ఊళ్ళో అవి చస్తాయి. వెచ్చని ఊళ్ళో బతికితే అక్కడి కప్పలకి ముప్పు. ఫ్లోరిడాలో క్యూబా చెట్టుకప్పలు స్థానిక కప్పల్ని తినేస్తున్నాయి. 1998లో శాస్త్రవేత్తలు వెల్లడించిన కైట్రిడ్ అనే బూజు తెగులు ప్రపంచమంతటా కప్పల్ని తుడిచిపెడుతోంది. పెంపుడు కప్ప దాన్ని మోసుకెళ్ళగలదు.

ఈ ఏడాది మా అమ్మాయి చేత కాగితం మీద లెక్క రాయించాను, ఎవరింట్లో ఎన్ని పెంచుతారని. కిందటిసారి తీసుకున్నవాళ్ళు ఇక చాలన్నారు. లెక్క పన్నెండు దగ్గర ఆగింది. పంపు మళ్ళీ పెట్టెలో పెట్టేద్దామని తనే అంది. పెంపకం అంటే ఏమిటో ఆ కాగితం నేర్పినంతగా నేను చెప్పి నేర్పలేకపోయేవాణ్ణి.

కొత్తగా కొనేవాళ్ళు అడవిలో పట్టినవి కాక ఇళ్ళలో పుట్టినవే అడగండి. ఈ కప్పల అంతర్జాతీయ వ్యాపారం మీద 2010 నుంచి నియంత్రణ ఉంది. ముట్టుకున్నాక పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి, వీటి నుంచి సాల్మొనెల్లా అంటుకోవచ్చు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.